ఎల్.వి. ప్రసాద్ చిత్రాలలో అప్పు: ఒక పరిశీలన

తెలుగు సినీ పరిశోధనలో ఎల్.వి. ప్రసాద్ పేరు స్టూడియో అధినేతగా, ఫాల్కే పురస్కార గ్రహీతగా, కంటి ఆసుపత్రికి పేరిచ్చిన దాతగా ఎక్కువగా వినిపిస్తుంది. దర్శకునిగా ఆయన చేసిన పని ఈ కీర్తి వెనుక మరుగున పడిపోయింది. ఆ పనిని అప్పు అనే ఒక్క అంశం ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

1908లో ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు జన్మించారు. తండ్రి అప్పులపాలు కావడంతో ఇల్లు విడిచి బొంబాయి చేరారని జీవిత వృత్తాంతాలు చెబుతున్నాయి. ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ అనే మూడు తొలి టాకీలలోనూ చిన్న వేషాలు వేశారు. 1946లో ‘గృహప్రవేశం’తో దర్శకుడయ్యారు.

విజయా సంస్థకు ఆయన తీసిన చిత్రాలను వరుసగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ‘షావుకారు’ (1950)లో వడ్డీవ్యాపారి చెంగయ్య ఇరుగుపొరుగుల స్నేహాన్ని పోగొట్టుకుంటాడు. ‘పెళ్ళి చేసి చూడు’ (1952)లో చెల్లించని కట్నం వధూవరులను విడదీస్తుంది. కట్నమూ ఒక బాకీయే కదా! ‘అప్పు చేసి పప్పు కూడు’ (1959) సంగతి పేరులోనే ఉంది. ఈ కథల వెనుక చక్రపాణి ఉన్నారు కనుక, వీటిని దర్శకుని బాల్యానుభవానికి నేరుగా ముడిపెట్టడం తొందరపాటు అవుతుంది. అప్పును ఏ స్వరంలో చూపారన్నదే దర్శకత్వానికి సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ‘మిస్సమ్మ’ (1955) కీలకమైన చిత్రం. మేరీ ఉద్యోగానికి బయలుదేరడానికి కారణం డేవిడ్‌కు తీర్చవలసిన బాకీ. భార్యాభర్తలుగా నటించవలసి రావడమూ ఆ ఉద్యోగం కోసమే. అంటే ఇందులోని హాస్యానికంతటికీ అప్పే పునాది. కాని ముగింపులో మేరీ జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. ఈ మలుపును మతం కోణంలో చర్చించడం పరిపాటి. ఆర్థిక కోణంలోనూ ఇది రాజీయేనని నా అభిప్రాయం. చదువుకున్న స్త్రీ తన జీతంతో తీర్చుకోవలసిన బాకీ, పుట్టుక కారణంగా అప్రస్తుతమైపోతుంది. సావిత్రి నటనలోని బిగువు, చిరాకు మాత్రం ఈ సర్దుబాటుకు లొంగవు. ముగింపు కన్నా ఆ ముఖమే ప్రేక్షకునికి ఎక్కువ గుర్తుంటుంది. ఆ చిరాకును మెత్తబరచకుండా చివరిదాకా నిలిపినది దర్శకుడేనని భావించవచ్చు.

తమిళ ‘మిస్సియమ్మ’కూ దర్శకుడు ప్రసాదే, అందులోనూ నాయిక సావిత్రే. డేవిడ్ పాత్రను తెలుగులో రమణారెడ్డి, తమిళంలో ఎం.ఎన్. నంబియార్ పోషించారు. ఒకరు హాస్యనటులు, మరొకరు ప్రతినాయక పాత్రలకు ప్రసిద్ధులు. ఒకే కథలోని ఋణదాత ఒక భాషలో నవ్వులపాలై, మరొక భాషలో భయపెడితే మేరీ కష్టం బరువు కూడా మారాలి. రెండు చిత్రాలలోనూ డేవిడ్ వచ్చే సన్నివేశాలను పక్కపక్కన పెట్టి, మేరీ ప్రతిస్పందనను షాటు షాటుగా పోల్చే పని పరిశోధకుల కోసం ఎదురుచూస్తోంది.