దండెం మీదివీ, దండెం కిందివీ

హైదరాబాద్‌లో మా అమ్మాయి కొత్తగా అద్దెకి తీసుకున్న ఫ్లాట్‌లో బీరువా లేదు. పడగ్గది గోడవారగా రెండు ఇనప కాళ్ళు, వాటి మీద ఒక అడ్డకడ్డీ, కింద చెప్పులకి ఒక చెక్క. కడ్డీకి పాతిక హాంగర్లు. పొడుగువీ బరువైనవీ ఎడమ చివర, పొట్టివీ పల్చటివీ కుడి చివర. "ఇదేమిటే, దండెమా?" అన్నాను. "ఓపెన్ ర్యాక్ అమ్మా" అని నవ్వి నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది.

మారీ కోండో అనే జపాన్ స్త్రీ రాసిన పుస్తకం అది. జపనీస్‌లో 2010లో, ఇంగ్లీషులో 2014లో వచ్చింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ఆమె అమెరికా ఇళ్ళకి వెళ్ళి సర్దించే కార్యక్రమమూ వచ్చింది. ఇల్లు సర్దే పుస్తకానికి సాహిత్య పత్రికలో విమర్శేమిటి అనుకునేవాళ్ళుంటారు. ఆడవాళ్ళు రోజూ చేసే పని గురించి ఒక ఆడమనిషి రాస్తే, లక్షలమంది చదివితే, అది మనం చదవాల్సిన రచన కాకుండా ఎలా పోతుంది?

ఆమె పద్ధతిలో ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చిట్టచివరికి జ్ఞాపకాలతో ముడిపడ్డవి. మన బట్టలన్నీ ఒకచోట కుప్ప పొయ్యాలి. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, దీన్ని పట్టుకుంటే నా మనసు ఉప్పొంగుతోందా అని చూసుకోవాలి. లేదంటే కృతజ్ఞత చెప్పి పంపెయ్యాలి.

ఈ ప్రశ్నని చాలామంది ఎగతాళి చేశారు. నేను చెయ్యలేను. యాభై ఎనిమిదేళ్ళలో నా చీర గురించి నన్నెవరూ ఆ మాట అడగలేదు. పెళ్ళిచీర అత్తవారు ఎంచారు. పండగ చీరలు పెట్టిపోతల్లో వచ్చాయి. ఇంటి బీరువాలో నాకున్నది ఒక్క అర. అందులోనూ సగం, ఎవరికో బొట్టు పెట్టి ఇవ్వడానికి దాచిన జాకెట్టు ముక్కలే. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలిని ఎవరైనా ముందు అడగాల్సిన ప్రశ్న బహుశా ఇలాంటిదే. నీకేం కావాలి?

నాకు పేచీ వచ్చేది ఆ తర్వాత. బయటికి పనికిరాని బట్టని ఇంట్లో కట్టుకోవడానికి దించొద్దంటుంది కోండో. ఇంట్లో గడిపే కాలమూ విలువైనదే కదా అని ఆమె వాదన. వాదన మంచిదే. కానీ మా అమ్మ చీరకి ఒక్క జన్మ కాదు. మొదట పేరంటానికి, వెలిశాక వంటింటికి, చిరిగాక చెల్లికి పరికిణీ, ఆ తర్వాత బొంతలో పొర, పసిపిల్లల పొత్తిగుడ్డ, మా ముట్టుగుడ్డ, ఆఖరికి మసిగుడ్డ. మిగిలినవుంటే స్టీలు సామాన్లవాడితో గంటసేపు బేరమాడి ఒక గిన్నె తెచ్చుకునేది. ఆ గుడ్డల్లో దేన్ని చేతిలో పట్టుకుని మనసు ఉప్పొంగిందో లేదో చూసుకోవాలి? పంపెయ్యి అనడం సులువు. పంపేసిన చీర స్థానంలో ఇంకోటి కొనగలిగిన స్త్రీ ఆ పుస్తకానికి పాఠకురాలు.

దండెం అన్నాను కదా. మా ఊరి పెంకుటింట్లో రెండుండేవి. ఒకటి చేతికందేది, అందరిదీ. రెండోది దూలాలకి తాళ్ళతో కట్టిన వెదురు, పైకప్పుకి దగ్గరగా. అది నాయనమ్మ మడిబట్టలది. కర్రతోనే పైకి వెయ్యాలి, కర్రతోనే తియ్యాలి. పిల్లలం ముట్టుకుంటే మైల. చాకలి ఉతికి తెచ్చిన బట్టయినా మడికి పనికొచ్చేది కాదు, మళ్ళీ తడిపి ఆరేసుకోవాల్సిందే. ఊరందరి మురికీ వదిలించిన ఆ మనిషి చెయ్యి తగిలితేనే మురికి! ఓపెన్ ర్యాక్ నా కంటికి కొత్తగా కనిపించకపోవడానికి కారణం అదే. అందరికీ కనబడుతూనే అందరికీ అందని బట్టలు నేను చిన్నప్పుడే చూశాను. ఇక ముట్టుగుడ్డలకైతే ఏ దండెమూ లేదు. పెరట్లో పశువులపాక వెనక, తువ్వాలు కప్పి, ఎండ తగలకుండా ఆరేసుకునేవాళ్ళం.

ఇళ్ళ అలంకరణ పత్రికల్లో ఈ ర్యాకుల ఫోటోలు వరసగా చూశాను. ఎనిమిదో పదో చొక్కాలు, అన్నీ తెలుపూ బూడిదా లేతగోధుమా, పక్కన ఒక మొక్క. లంగా లేదు, లోదుస్తు లేదు, నైటీ లేదు, మొగుడి లుంగీ లేదు. చెమట పట్టే మనిషి ఎవరూ ఆ గదిలో ఉన్నట్టుండదు. మా అమ్మాయి ర్యాక్ కూడా అంత పొందిగ్గా ఉందంటే, దాని పట్టుచీరలు మా ఇంట్లో నా బీరువాలో ఉన్నాయి గనక. వెలుతురుకి రంగు పోతుంది, దుమ్ము పడుతుంది, ఒకే మడత మీద వదిలేస్తే జరీ విరుగుతుంది. అందుకని నూలుగుడ్డలో చుట్టి, మూణ్ణెల్లకోసారి మడత మారుస్తున్నది నేను. దాని గదిలో కనిపించే ఖాళీకి జాగా నా ఇంట్లో ఉంది. ఇలాంటి బీరువా వెనకాల లేని ర్యాక్ ఎన్నిళ్ళల్లో ఉందో ఫోటోలు చెప్పవు.

మూడో బిడ్డ పుట్టాక తన ఇల్లు మునుపటిలా ఉండటం లేదని కోండో 2023లో చెప్పింది. కొందరు నవ్వుకున్నారు. పుస్తకంలో లేని అధ్యాయం అప్పటికి మొదలైందనిపించింది నాకు. అది కూడా రాస్తే చదువుతాను.

మర్నాడు పిల్ల ఆఫీసుకి వెళ్ళాక స్నానానికి వెళ్ళాను. బాత్రూమ్ తలుపు వెనక చిన్న తాడు. దాని మీద తువ్వాలు. తువ్వాలు తీస్తే కింద దాని లోదుస్తులు, ఇంకా చెమ్మగానే, ముక్కవాసన కొడుతూ. ఒక్కర్తే ఉంటోంది ఆ ఇంట్లో. ఎవరూ కప్పమని చెప్పలేదు, నేనైతే చెప్పలేదు. చెప్పకుండానే నేర్పానేమో.

వాటిని మళ్ళీ జాడించి బాల్కనీలో ఎండ పడే తీగకి క్లిప్పులు పెట్టి ఆరేశాను. సాయంత్రం వస్తూనే చూసింది. "ఎదురు ఫ్లాట్‌వాళ్ళకి కనిపిస్తాయమ్మా" అంటూ చెప్పులు విడవకుండానే బాల్కనీలోకి పరిగెత్తింది.