వరద గీతకు ఇవతల

సముద్రపు ఒడ్డునో చెరువు గట్టునో డేరా వేసుకుని రెండు మూడు రాత్రులు గడిపే సెలవు అలవాటు తెలుగు కుటుంబాల్లో ఇటీవలి కాలంలోనే బలపడుతున్నప్పటికీ, దానికి మూలమైన విద్య, అంటే నీరు ఎంతవరకు రాగలదో ముందుగా గుర్తించి అంతకు ఇవతలే నిలవగల నేర్పు, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌కు నూరేళ్ల కిందటే ప్రాణాల ఖరీదుకు తెలిసివచ్చింది. తీర ప్రాంతానికి పోదలచిన పట్నవాసులు ఈ పేటను ఆనుకుని ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో బాపట్ల, మచిలీపట్నం బస్సులు ఎక్కుతారు. పక్కనే ఉన్న బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ టోకు అంగళ్లలో ప్రయాణానికి కావలసిన సామాను కొనుక్కుంటారు. విహారం మొదలయ్యే ఈ చోటు చరిత్ర, ఆ విహారం ఎలా జరగాలో కూడా చెబుతుంది.

ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరుతో మూసీ ఉత్తరపు ఒడ్డున ధాన్యపు అంగడిగా ఎదిగిన ఈ పేట, 1908 సెప్టెంబరు 28న నది పొంగినప్పుడు సరిగ్గా వరద దారిలో ఉంది. ఉర్దూలో ‘తుగ్యానీ’గా తలచుకునే ఆ వరదలో సుమారు 15,000 మంది మరణించారన్నది తరచుగా వినవచ్చే అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికి బయటపడ్డారు. కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ నీటిలోనే పోగొట్టుకున్నాడు. కుండపోత వాన ఒక్కటే ఈ విపత్తుకు కారణం కాదు. ఎగువన పరీవాహక ప్రాంతంలో, అంటే కురిసిన నీరు జారి వచ్చి నదిలో కలిసే నేల అంతటిలో, రెండు వందలకు పైగా చెరువులు తెగిపోగా, ఒక చెరువు నీరు దిగువ చెరువు కట్టను తెంపుతూ, ఆ రెండూ కలిసి మూడోదాని మీద పడుతూ, చివరికి ఆ భారమంతా నగరం మీదికి దిగింది.

1909లో నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చి ఈ వరదను అధ్యయనం చేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన వరద నీటిని పట్టి నిలిపే జలాశయాలు కట్టాలని సూచించాడు. ఆ సూచన ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ప్రజలు గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు, వర్షాకాలంలో ఈ రెండు అంకెలూ నగరమంతటికీ వార్తలవుతాయి. ఏడవ నిజాం వేసవి విడిదిగా గండిపేట గట్టున సాగర్ మహల్ వెలిసింది. తరవాతి తరాల్లో సామాన్య కుటుంబాలు కూడా అన్నం గిన్నెలు కట్టుకుని ఆ గట్టుకే వెళ్లడం నేర్చుకున్నాయి. హైదరాబాదు వారికి తొలి నీటి విహార స్థలంగా మారిన ఆ చెరువు వరదను ఆపడం కోసమే పుట్టిందన్న సంగతి, అక్కడ చాప పరిచే ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండవలసినది.

సముద్రపు ఒడ్డునా సరస్సుల పక్కనా డేరాల సెలవులను జాతీయ అలవాటుగా మార్చుకున్న నెదర్లాండ్స్ దేశ చరిత్ర దీనికి చాలా దగ్గరగా నడిచింది. ఆ దేశపు నేలలో నాలుగో వంతు సముద్ర మట్టం కంటే దిగువన ఉంటుంది. 1953 జనవరి 31 రాత్రి మొదలైన తుఫాను ఉప్పెన, అంటే గాలి తోపుడుకు సముద్రం పొంగి నేల మీదికి వచ్చే ముంపు, అక్కడ 1,836 మందిని బలిగొంది. మళ్లీ అలా జరగకుండా సముద్రపు పాయలకు అడ్డంగా ఆ దేశం వరసగా ఆనకట్టలు కట్టింది. 1961లో ఒక పాయను మూయగా వీర్సె మేర్, 1971లో మరొకదాన్ని మూయగా గ్రేవెలింగన్ సరస్సు ఏర్పడ్డాయి. ఇప్పుడు ఆ రెంటి ఒడ్డునా వేసవి డేరాలు, పడవలు కనిపిస్తాయి. సముద్రపు గాలిని ఆపే ఇసుక దిబ్బల మీద గడ్డిని తొక్కకుండా కంచెలు వేయడం, తీరంలోని తేలికపాటి చెక్క గదులను చాలాచోట్ల చలికాలపు తుఫానులకు ముందే విప్పి తీసుకుపోవడం అక్కడ విహారంలో భాగమే. విహరించే హక్కును వారు నీటిని గౌరవించే నియమంతో జత చేశారు; తెలుగు నేల ఈ విషయంలో నేర్చుకోవలసింది అదే.

చదును నేలలో ఈ నియమం ఎందుకు మరింత అవసరమో కొల్లేరు స్పష్టంగా చూపుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో, బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల నీటిని పోగుచేసుకుని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే ఈ సరస్సుకు హద్దును ఒడ్డు నుంచి దూరంతో చెప్పరు, కాంటూరుతో చెబుతారు. కాంటూరు అంటే ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలుపుతూ గీసిన గీత. సముద్ర మట్టానికి 5 అడుగుల కాంటూరు వరకు లెక్కిస్తే కొల్లేరు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు; 10 అడుగుల కాంటూరు వరకు లెక్కిస్తే 901. నీరు నిలువునా ఐదడుగులు పెరిగితే సరస్సు అడ్డంగా దాదాపు మూడింతలు అవుతుందన్నమాట. కొండ ప్రాంతంలో నీటికి పది అడుగుల దూరం జరిగితే భద్రత దొరకవచ్చు గాని, ఇక్కడ కిలోమీటరు జరిగినా దొరకకపోవచ్చు; అందుచేత డెల్టాలో డేరా వేసేవారు దూరాన్ని మరచి ఎత్తును వెతకాలి.

తీరంలో ఇదే పాఠాన్ని 1977 నవంబరు 19 నేర్పింది. ఆనాటి దివిసీమ ఉప్పెనలో సముద్రం మనిషి ఎత్తుకు మూడింతలు లేచి, అడ్డుకునే మిట్ట ఏదీ లేని నేల మీద మైళ్ల కొద్దీ లోపలికి వచ్చి, వేల ప్రాణాలు తీసుకుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే; హైదరాబాదు నుంచి సముద్రం చూడవచ్చేవారు ఎక్కువగా దిగే సూర్యలంక కూడా బాపట్ల దగ్గరే ఉంది. బంగాళాఖాతంలో బలమైన తుఫానులు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఎక్కువగా పుడతాయి గనుక, తీరంలో డేరాకు సంక్రాంతి తరవాతి వారాలు అనుకూలం; అప్పుడు కూడా వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోకుండా బయలుదేరడం తగదు. కార్తీక పున్నమి సముద్ర స్నానాలకు వేలమంది తరలివచ్చే రోజులు తుఫానుల కాలంలోనే పడతాయన్నది మరవరాని విషయం.

స్థలం ఎంచుకోవడం ఈ విద్యలో సగం. చెరువు దగ్గర మొదట తెలుసుకోవలసినది ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండి అలుగు పారబోయే వేళకు నీరు నిలిచే పూర్తి మట్టం. అలుగు అంటే మిగులు నీరు దానంతటదే పొర్లిపోవడానికి కట్టిన రాతి గట్టు. ఆ మట్టానికి లోపల ఉండి, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడే నేలను శిఖం అంటారు. చదునుగా, మెత్తగా, పచ్చగడ్డితో కనిపించే శిఖం భూమే కొత్తవారి కంటికి ముందుగా నచ్చుతుంది గాని, అది చెరువు కడుపు. పైన ఎక్కడో కురిసిన వానకు రాత్రికి రాత్రే నీరు అక్కడికి తిరిగి రాగలదు. పైకి గట్టిగా కనిపించే ఒండ్రు కింద కాలు దిగబడే బురద ఉంటుంది. పుల్లలు, నత్తగుల్లలు, ఎండిన నాచు ఒకే వరసలో పడి ఉన్న చోట నీరు ఎంతవరకు వచ్చి వెళ్లిందో అదే చెబుతుంది. డేరా ఆ వరసకు బాగా ఎగువన, కట్టకూ అలుగుకూ దిగువ దారిని తప్పించి, వాగు నోటికి ఎడంగా ఉండాలి. కాకతీయుల నాటి లక్నవరం వంటి చెరువుల దగ్గర ఏర్పాటుచేసిన విడిది స్థలాలు ఉన్నచోట వాటినే ఎంచుకోవడం మేలు. మంచినీటి జలాశయాల్లో అనుమతి లేని చోట దిగడం నగరం తాగే నీటికి హాని.

సముద్రతీరంలో గీత రోజుకు రెండుసార్లు జరుగుతుంది. పోటు వేళకూ ఆటు వేళకూ నీటిమట్టంలో వచ్చే తేడా అమావాస్యకూ పున్నమికీ హెచ్చి, ఆంధ్ర తీరంలో సుమారు ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. కాబట్టి నురుగు వదిలిన గీతను కాక, దానికి పైన ఎండిన చెత్తతో ఏర్పడిన పాత గీతను లెక్కలోకి తీసుకుని, అంతకు ఎగువన సరుగుడు తోట చాటున డేరా వేస్తారు. ఇసుకలో నిలువుగా కొట్టిన మేకు పట్టు నిలపదు గనుక, తాడును ఇసుక నింపిన సంచికో అడ్డంగా పెట్టిన కర్రకో కట్టి, దాన్ని మూరెడు లోతున పాతిపెట్టాలి. తాడు లాగేకొద్దీ పైనున్న ఇసుక బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. పగలు నేల వేడెక్కడం వల్ల గాలి సముద్రం నుంచి, రాత్రి నేల త్వరగా చల్లారడం వల్ల సముద్రం వైపుకు వీస్తుంది. అందుచేత డేరా వెడల్పు గోడను ఏ వైపు గాలికీ ఎదురు పెట్టక, ఇరుకు వైపును తీరానికి చూపాలి. లోపల పడుకున్నవారి ఊపిరి తేమ చల్లని గుడ్డకు తగిలి నీటి బొట్లవుతుంది గనుక, చలి వేసినా పైభాగంలో గాలి దారి తెరిచే ఉంచాలి. డేరా లోపల పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని పెట్టకూడదు. వాటినుంచి పుట్టే వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీయగలదు.

ఈ నేర్పు తెలుగు నేలకు కొత్తది కాదు. ఎండాకాలం మేత కోసం మందలతో నదుల వెంట కదిలే కురుమ గొల్లలు, కోత పూర్తయిన వరిచేలలో బాతులను మేపుతూ నెల్లూరు నుంచి డెల్టా దాకా తిరిగే బాతుల కాపరులు పట్టా కప్పిన చిన్న గుడిసెలో నెలల తరబడి నీటి పక్కనే బతుకుతారు. మిట్ట చూసి దిగడం, గాలివాటు గమనించడం, వెళ్లేటప్పుడు నేలను శుభ్రంగా వదలడం వారికి జీవనోపాధిలో భాగం. విహారానికి వచ్చేవారు డబ్బు పెట్టి కొనే సామాను కంటే ఇటువంటివారిని అడిగి తెలుసుకునే విషయాలే ఎక్కువ విలువైనవి.

నీటి అంచున ఉండేది మనుషులు మాత్రమే కాదు గనుక విహారికి మరికొన్ని బాధ్యతలు ఉన్నాయి. సూళ్లూరుపేట దగ్గర, దేశంలో చిల్కా తరవాత పెద్దదైన పులికాట్ ఉప్పునీటి సరస్సుకు చలికాలంలో రాజహంసలు, పక్కనే నేలపట్టుకు గూడబాతులు వస్తాయి. గుడ్లు పొదిగే కాలంలో పెద్ద శబ్దం కూడా వాటిని గూళ్ల నుంచి లేపేస్తుంది. జనవరి నుంచి కొన్ని నెలల పాటు ఆంధ్ర తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి; గుడ్లు పగిలి బయటికి వచ్చిన పిల్లలు ఎక్కువ వెలుతురు ఉన్న వైపే సముద్రమనుకుని నడుస్తాయి గనుక, తీరంలో వేసిన చలిమంట, రాత్రంతా వెలిగే దీపం వాటిని నేలవైపు మళ్లించి చంపుతాయి. సరుగుడు ఆకులు నూనె పోసినట్టు అంటుకుంటాయి కాబట్టి ఆ తోటల్లో నిప్పు పెట్టడం తోటకూ, గాలి నుంచి దాని చాటున కాపాడబడే ఊరికీ ద్రోహం.

2025 సెప్టెంబరు చివరి వారంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు తెరిచినప్పుడు మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు చేరి, ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తీసుకురావలసి వచ్చింది. 1908లో వరద నడిచిన దారిని నది మరచిపోలేదని, మరచిపోయింది నగరమేనని ఆ ముంపు తెలిపింది. ఆ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కట్టడాలను నియంత్రించిన 1996 నాటి 111 జీవో వంటి నియమాలు కాగితం మీద రావచ్చు, పోవచ్చు. నీటి హద్దును కళ్లతో గుర్తించగల పౌరులు ఉన్నప్పుడే వాటికి బలం. పాఠశాలలు పిల్లలను చెరువు గట్టుకు తీసుకెళ్లి ఎఫ్‌టీఎల్ రాయి ఎక్కడుందో, అలుగు ఎటు పారుతుందో, నిరుటి వాన గీత ఎంతవరకు ఉందో చూపించి, ఆ గీతకు ఇవతల వారి చేతనే డేరా వేయిస్తే, పర్యావరణ పాఠంలోని చాలా పేజీలు ఒక సాయంత్రంలో అర్థమవుతాయి. ఎఫ్‌టీఎల్ రాయికి ఎగువన ఒక రాత్రి పడుకుని, ఎందుకు అక్కడే పడుకోవాలో తెలుసుకున్న కుటుంబం ఆ రాయికి దిగువన ఇల్లు కొనదు, ఇంకొకరు కడుతుంటే చూసి ఊరుకోదు.