డిస్ట్రాయర్: అంచులో దాగిన పనితనం

డిస్క్ గోల్ఫ్‌లో బంతి ఉండదు, కర్ర ఉండదు. గొలుసులు వేలాడే ఇనుప బుట్టలోకి డిస్క్‌ను ఎంత తక్కువ విసుర్లలో చేరుస్తామన్నదే ఆట. దూరం కోసం మొదట విసిరే డిస్క్ పేరు డ్రైవర్. అమెరికాలోని ఇన్నోవా సంస్థ 2007లో తెచ్చిన డిస్ట్రాయర్, నా దృష్టిలో ఈ రకంలో చేయి తిరిగిన పనితనానికి గొప్ప నమూనా.

చేతిలోకి తీసుకోగానే వేళ్లు అంచును గమనిస్తాయి. డిస్క్ అడ్డకొలత 21 సెంటీమీటర్ల పైచిలుకు, బరువు మహా అయితే 175 గ్రాములు. అంచు వెడల్పు మాత్రం 2 సెంటీమీటర్లు దాటుతుంది. లోపలివైపు మందంగా మొదలై బయటికి పోయేకొద్దీ పలచబడి పదునెక్కుతుంది. ఆ పదును గాలిని సులువుగా చీలుస్తుంది. అంచున పోగైన బరువు తిరుగుడును ఎక్కువసేపు నిలుపుతుంది. అంచును ఇలా వాలుగా చెక్కే ఆలోచనను ఈ ఆటలోకి 1983లో తెచ్చినవాడు ఇన్నోవాకు చెందిన డేవ్ డ్యూనిపేస్. నేటి డ్రైవర్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

డిస్ట్రాయర్ స్వభావాన్ని ఇన్నోవా నాలుగు అంకెల్లో చెబుతుంది: వేగం 12, తేలుడు 5, మలుపు మైనస్ 1, ఒరుగు 3. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్‌గా విసిరితే మొదట, వేగం మీద ఉన్నప్పుడు, కొద్దిగా కుడికి మళ్లుతుంది. వేగం తగ్గాక గట్టిగా ఎడమకు ఒరుగుతుంది. ఎందుకంటే వేగంలో గాలి డిస్క్ ముక్కును కిందికి నొక్కుతుంది, నెమ్మదించాక పైకి ఎత్తుతుంది. అయితే తిరుగుతున్న వస్తువు తోసిన వైపుకు వంగదు. పడిపోవాల్సిన బొంగరం పక్కకు తూలుతూ తిరిగినట్టే, డిస్క్ కూడా ముందువెనకలకు బదులు కుడిఎడమలకు వాలుతుంది. ఈ రెండు వాలుళ్లనూ కొలిచి ఒకే అంచులో పొదగడమే అసలు నేర్పు. సరిగా విసిరితే కుడికి పోయినది ఎడమకు తిరిగొస్తూ, దారి పొడవునా తేలుతూ దూరం సంపాదిస్తుంది.

గాలి వీస్తే ఈ లెక్క మారుతుంది. డిస్క్‌కు తెలిసేది నేల మీద వేగం కాదు, గాలిలో వేగం. ఎదురుగాలిలో ఆ వేగం పెరుగుతుంది కనుక కుడిమలుపు పెరిగి, కొన్నిసార్లు డిస్క్ బోల్తాపడుతుంది. అప్పుడు ఒరుగు ఎక్కువున్న డిస్క్ కావాలి. మలుపు 0, ఒరుగు 4 ఉన్న ఫైర్‌బర్డ్ అనే డిస్క్ గాలికి లొంగదు. దూరం కాస్త తగ్గినా ఎటు పడుతుందో చెప్పగలం. దాన్ని ఎత్తుగా కాక తక్కువ ఎత్తులో విసరాలి. గాలి వెనక నుంచి వీస్తే ఇదంతా తిరగబడుతుంది. గాలిలో వేగం తగ్గి డిస్క్ తొందరగా ఎడమకు ఒరిగి దిగిపోతుంది. కాబట్టి మలుపు ఎక్కువున్న డిస్క్‌ను కాస్త పైకి విసరాలి.

అంకెలు మాత్రమే చాలవు. వేగం 12 అంటే అంత వేగంగా విసిరే చెయ్యి ఉండాలని అర్థం. అది లేనివాళ్ల చేతిలో డిస్ట్రాయర్ మలుపు తీసుకోకుండానే ఎడమకు కూలుతుంది. వాళ్లకు వేగం 6, మలుపు మైనస్ 2, ఒరుగు 1 ఉన్న లెపర్డ్ అనే డిస్క్ ఎక్కువ దూరం పోతుంది. పైగా ఒకే అచ్చులో పోసిన రెండు డిస్క్‌లు చల్లారే తీరును బట్టి పైభాగం ఉబ్బులో తేడా చూపుతాయి. ఉబ్బు ఎక్కువుంటే ఎక్కువసేపు తేలుతుంది. చెట్లకు తగిలి అరిగిన డిస్క్‌లో మలుపు పెరుగుతుంది. అందుకే కొనేముందు కంటిస్థాయిలో అడ్డంగా పట్టుకుని, పైభాగం, అంచు పరిశీలించండి.

మిమ్మల్ని మీరు నిజాయితీగా కొలుచుకుని, గాలి దిశ చూసి, ఆ తర్వాతే అంకెల దగ్గరికి రండి. చేతివేగం చేకూరినవాళ్లకు, గాలి స్తబ్ధుగా ఉన్న రోజున, డిస్ట్రాయర్ తన రెండు వాలుళ్లనూ పూర్తిగా చూపిస్తుంది. విసిరినవాడి లోపాన్ని అది దాచదు, నేర్పును వృథా చేయదు.