బండి పెట్టుకునే చోటు

సాయంత్రమైతే ఉస్మానియా హాస్టళ్ల నుంచి, చుట్టుపక్కల అద్దె గదుల నుంచి పిల్లలు తార్నాక వైపు నడిచొస్తారు. గదిలో వండుకునేవాళ్లకు కిలోల లెక్క పనికిరాదు. కూరగాయల బండి పెట్టిన పాలమూరు అక్కకు ఆ సంగతి బాగా తెలుసు. నాలుగు టమాటాలు, గుప్పెడు పచ్చిమిర్చి, ఓ కరివేపాకు రెబ్బ కలిపి పూటకు సరిపడా కుప్పలు పోస్తుంది. ఆకుకూరల మీద తడి గోనెపట్టా కప్పి ఉంచుతుంది.

పక్కన అరటిపళ్ల బండి బిహార్ తమ్ముడిది. కొత్తలో వేళ్లు చూపించి ధర చెప్పేవాడు. ఇప్పుడు 'అక్కా, డజను అరవై, మీకు యాభై' అంటున్నాడు. సూడాన్ నుంచి చదువుకోడానికొచ్చిన విద్యార్థి అతనితో హిందీలో బేరమాడుతుంటే, మధ్యలో అక్క తెలుగులో తీర్పు చెబుతుంది. ముగ్గురూ ఊరు కాని ఊరికి వచ్చినవాళ్లే. కలిసి బతకడం వాళ్లకు ఈ బేరాల్లోనే అలవాటైంది.

ఈ వ్యాపారానికి డిగ్రీ అక్కర్లేదు, షాపు అడ్వాన్సు అక్కర్లేదు. తెల్లవారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లే ఓపిక, సరుకుకు పెట్టుబడి, బండికి చోటు ఉంటే చాలు. ఓపిక వాళ్ల దగ్గరే ఉంది. పెట్టుబడికి డైలీ ఫైనాన్స్ వాళ్లే దిక్కనుకునే రోజుల్లో, 2020లో పీఎం స్వనిధి పథకం రూ.10 వేల తొలి రుణంతో మొదలైంది. చోటు మాత్రం ఇప్పటికీ గాలిలో దీపమే.

1999లో రైతుబజార్లు పెట్టి రైతుకు నగరంలో చోటు చూపించాం. కానీ అక్కడ అమ్మాలంటే రైతు గుర్తింపు కార్డు కావాలి. సేద్యం వదిలి వలస వచ్చినవాళ్లకు అది ఎక్కడ దొరుకుతుంది? వాళ్లతో సహా వీధుల్లో అమ్ముకునేవాళ్లందరి కోసం 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే పూర్తయి వెండింగ్ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదని, టౌన్ వెండింగ్ కమిటీల్లో 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలని, వారిలో మూడో వంతు మహిళలుండాలని అది చెబుతోంది.

నడిచేవాళ్లకూ దారి కావాలి, నిజమే. అందుకే గీత గీసి, ఇది బండికి, ఇది బాటసారికి అని తేల్చాలి. ఆ పని బల్దియాది. మన పని కూడా ఒకటుంది. రోజూ కొనే బండి దగ్గర వెండింగ్ సర్టిఫికెట్ వచ్చిందా అని అడగండి. రాలేదంటే దరఖాస్తు నింపిపెట్టండి. క్యాంపస్‌లో లా చదివే పిల్లలూ, ఈ పనికి ముందు మీరే రావాలి.