ఒక్క భాష కోసమే కట్టిన యంత్రం

లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసమే కట్టిన లిస్ప్ యంత్రాలంటే కంపైలర్లతో పనిచేసే నాకు చాలా ఇష్టం. అంత అందమైన డిజైన్ మార్కెట్లో నిలవలేదే అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1983లో సింబాలిక్స్ కంపెనీ తెచ్చిన 3600 యంత్రాన్నే చూడండి. దాని వర్డ్‌లో 36 బిట్లు. అందులో కొన్ని ట్యాగ్‌కి పోతాయి. ఆ వర్డ్‌లో ఉన్నది పూర్ణాంకమా, మరో చోటును చూపే చిరునామానా అన్నది ట్యాగే చెబుతుంది. లిస్ప్‌లో కూడిక చేయాలంటే ముందు ఈ రకం సరిచూసుకోవాలి. మామూలు ప్రాసెసర్‌కి అందుకు వేరే ఇన్‌స్ట్రక్షన్లు కావాలి. 3600 మాత్రం రెండూ పూర్ణాంకాలే అనుకుని కూడేస్తుంది, అదే సమయంలో ట్యాగ్ చూస్తుంది. తేడా వస్తే ఆ ఫలితాన్ని పక్కన పడేసి, సరైన దారి పడుతుంది. దీన్ని తలచుకున్నప్పుడల్లా ఆ ఇంజనీర్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

అయినా ఆ యంత్రం ఓడిపోయింది. చాలా తనిఖీలు అక్కర్లేదని ప్రోగ్రామ్ నడవకముందే తేల్చడం కంపైలర్లు నేర్చుకున్నాయి. మిగిలినవాటికి అయ్యే ఖర్చు ఒకటి రెండు ఇన్‌స్ట్రక్షన్లే. ఈలోగా మోటరోలా, ఇంటెల్ చిప్‌లు లక్షల్లో అమ్ముడై, ఆ డబ్బుతో ఏటికేడాది వేగం పెంచుకున్నాయి. వేలల్లో మాత్రమే అమ్ముడైన లిస్ప్ యంత్రం ఆ పరుగుకు పెట్టుబడి ఎక్కడ తెస్తుంది? సింబాలిక్స్ 1993లో దివాలా తీసింది.

1981లో ఇంటెల్ తెచ్చిన ఐఏపీఎక్స్ 432 ప్రాసెసర్‌ది ఇంకా విచారకరమైన కథ. అడా లాంటి భాషల కోసం ఆబ్జెక్ట్‌ల రక్షణను హార్డ్‌వేర్‌లోనే పెట్టారు. ఇన్‌స్ట్రక్షన్ల పొడవు 6 బిట్ల నుంచి 321 బిట్ల దాకా! మరుసటి ఏడాది అదే కంపెనీ తెచ్చిన 286 దీన్ని సులువుగా దాటేసింది. తప్పంతా చిప్‌ది కాదు, దాని కంపైలర్ కూడా బాగా లేదు. కానీ కంపైలర్‌నైతే మళ్లీ రాసుకోవచ్చు, సిలికాన్‌ని దిద్దలేం.

మరి ఒక పని కోసమే పుట్టిన గ్రాఫిక్స్ చిప్‌లు ఎలా గెలిచాయంటారా? ఆటలు ఆడేవాళ్లు వాటిని కోట్లలో కొన్నారు. పైగా అవి ఒక్క పనికే కట్టుబడి ఉండలేదు. 2007లో CUDA అనే ప్రోగ్రామింగ్ వేదిక వచ్చాక వాటిమీద బొమ్మలతో సంబంధం లేని లెక్కలు కూడా సి భాషలో రాసుకోవడం తేలికైంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఏఐ చిప్‌ల మీద శ్రమిస్తున్న మన యువ ఇంజనీర్లకు నాదొక మనవి. ట్రాన్స్‌ఫార్మర్ అనే ఏఐ నమూనా 2017లో వచ్చింది, దాని తర్వాతది ఎప్పుడైనా రావచ్చు. మీరు గీసిన చిప్ చేతికందడానికి ఏళ్లు పడుతుంది. కొత్త ఇన్‌స్ట్రక్షన్ చేర్చేముందు కంపైలర్ రాసేవాళ్ల దగ్గర కూర్చుని, ఆ పని వాళ్లు చేయగలరేమో అడగండి.