పెన్సిలు గీతలో సహజత్వం

కాగితపు మిట్టలకు గ్రాఫైటు అంటుకుంటుంది, పల్లాలు తెల్లగా మిగులుతాయి. పెన్సిలు గీతకు ఆ గరుకే అందం. 2015లో వచ్చిన ఆపిల్ పెన్సిల్ చేతి ఒత్తిడిని, వాలును గుర్తిస్తుంది. ప్రోక్రియేట్ వంటి ఆప్‌లు వాటిని బట్టి గీత మందాన్ని, ముదురును మారుస్తాయి. గరుకును గీతతోపాటు జరగనీయకుండా కాగితానికే అంటిపెట్టి ఉంచగలవు కూడా. ఇంతవరకు అనుకరణ మెచ్చదగినదే.

అయితే అదే ప్రోక్రియేట్‌లోని స్ట్రీమ్‌లైన్ సదుపాయం గీతను సాపు చేస్తుంది. ఆరోగ్యవంతుల చేతిలోనూ సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు అతిసూక్ష్మమైన వణుకు ఉంటుంది. దానికితోడు, చెయ్యి తన దారిని అనుక్షణం సరిదిద్దుకుంటూ సాగుతుంది. ఇవి లోపాలు కావు, జీవలక్షణాలు. వీటిని పూర్తిగా చెరిపివేస్తే కాగితం సహజంగానే ఉంటుంది, గీసిన మనిషే కనిపించడు. సహజత్వం కోరే చిత్రకారుడు కొత్త బ్రష్షు వెతికేముందు ఆ సదుపాయాన్ని తగ్గించి చూడటం మేలు.