‘మాంబో?’ అను ప్రశ్న: ఒక కెన్యా ప్రయోగముపై విమర్శ

స్వాహిలీ భాషలో ‘మాంబో?’ అనునది కుశలప్రశ్న. కెన్యా దేశమున మూడు చికిత్సాలయములలో, 2007లో ప్రారంభమైన ఒక ప్రయోగమున, ప్రతి సోమవారము ఉదయము ఎచ్.ఐ.వి. రోగుల సెల్‌ఫోనులకు ఈ ఒక్క మాటయే పోవుచుండెను. పంపునది చికిత్సాలయపు నర్సు. రోగి 48 గంటలలోగా ‘సావా’, అనగా బాగున్నాననియో, ‘షిడా’, అనగా ఇబ్బంది ఉన్నదనియో తెలుపవలెను. ఇబ్బంది ఉన్నదన్నవారికిని, అసలు జవాబే ఈయనివారికిని నర్సు స్వయముగా ఫోను చేసి మాటాడును.

ఈ ప్రయోగ ఫలితములు 2010లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వెలువడినవి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకములలో సెల్‌ఫోను సందేశములను మందు జ్ఞాపకము చేయు సాధనముగా పేర్కొన్నది. ఆ వర్ణన ఈ ప్రయోగమునకు సరిపడదని నా అభిప్రాయము. ఆ సందేశమున మందు ఊసే లేదు గదా!

ఇది మాటల తగవు మాత్రమే కాదు. ఎచ్.ఐ.వి. మందులు వైరసును శరీరమునుండి తుడిచివేయవు. దాని వృద్ధిని అణచి యుంచును. తరచుగా మోతాదులు తప్పినచో వైరసు మరల తలయెత్తును. రక్తమున మందు చాలీచాలకుండ ఉన్న ఆ స్థితిలోనే మందునకు లొంగని రకములు పుట్టి పెరుగును. అప్పుడు వేరు మందులకు మారవలసి వచ్చును. అవి పేద దేశములకు మరింత భారము. కావున రోగిని చికిత్సలో నిలిపినది ఏదో సరిగా తెలియవలెను.

ప్రయోగమున పాల్గొన్నవారు 538 మంది. సందేశము లందుకొన్నవారిలో నూటికి 62 మంది, అందుకొననివారిలో 50 మంది మందు సక్రమముగా వాడినట్లు తేలినది. అయితే ఈ లెక్కకు ఆధారము రోగి నోటిమాట. వారము వారము పలకరించు నర్సు ఎదుట ‘నేను మానితిని’ అని చెప్పుట ఎంతమందికి సులభము? రక్తపరీక్ష మొగమాటపడదు. సంవత్సరాంతమున మిల్లీలీటరు రక్తమున వైరసు సంఖ్య 400 లోపునకు అణగినవారు ఒక వర్గమున నూటికి 57, రెండవ వర్గమున 48. భేదము కొంత తగ్గినది కాని నిలిచినది. నేను విలువ నిచ్చునది ఈ రెండవ లెక్కకే.

అసలు లోపము మరియొకటి. సందేశము, దాని వెనుక నర్సు ఫోను, ఈ రెండును కలిపి పరీక్షింపబడినవి. మేలు దేనివలన కలిగినదో విడదీయుటకు వీలులేదు. కెన్యాలోనే 431 మంది రోగులపై జరిగి 2011లో ప్రకటింపబడిన మరియొక ప్రయోగమున జవాబు కోరని వారపు సందేశములు కూడ మేలు చేసినవి. దినదినము పంపినవి చేయలేదు. కాలేజీ గంట రోజూ మ్రోగును, దానిని చెవినిడువారెవరు? మన దక్షిణ భారతమున 631 మందికి జరిగి 2014లో ప్రకటింపబడిన ప్రయోగమున వారమునకొకమారు యంత్రమే ఫోనులో పలికినది, ఒక చిత్రమును పంపినది. రెండేండ్ల పరిశీలనలో చికిత్స విఫలమగుట ఏమియు తగ్గలేదు. దేశములు వేరు, చికిత్సాలయముల తీరు వేరు గనుక దీనినిబట్టి నర్సే కారణమని తీర్పు చెప్పరాదు. నా అనుమానము మాత్రము అటే మొగ్గుచున్నది. సందేశము ఖర్చు స్వల్పమని దానిని మాత్రము అనుకరించువారు నర్సు కాలమును కూడ లెక్కలో వేయవలసి యుండును.

మరియొక సంగతి. సొంతముగా గాని, ఇతరులతో పంచుకొని గాని ఫోను వాడగలవారినే ఈ ప్రయోగమున చేర్చుకొనిరి. ఆ పాటి వసతియు లేని నిరుపేద రోగిని గూర్చి ఈ 538 మంది లెక్కలు ఏమియు చెప్పజాలవు.